ఏటి ఒడ్డు కారు చౌడు: గుర్తుపట్టడం దగ్గర్నుంచి పంట నిలబెట్టేదాకా

వాన వెలిసి వారమైంది. పక్క చేలో గుంటక తిరుగుతోంది, మన చేలో మాత్రం నీళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. నేల బాగా తడిసింది కదా అని పారతో ఒక పెళ్ల లేపి చూస్తే, జానెడు కింద పొడి మట్టి. పైన బురద, కింద దుమ్ము. కుందూ, పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని దరుల్లో భూమి ఉన్న చాలామందికి ఇది తెలిసిన బాధే. మా వైపు ఇలాంటి చౌడు నేలను సవుడు అనేస్తారు. కానీ సవుడులో పాల చౌడు, కారు చౌడు అని రెండు రకాలున్నాయి, రెండింటికీ వైద్యం వేరు.

కుందూ ఒడ్డున మాకు మూడెకరాలు ఇలాంటి నేల ఉంది. నాన్న రెండుసార్లు జిప్సం (మట్టికి పట్టిన సోడియాన్ని తప్పించి ఆ చోట కాల్షియం చేర్చే ఖనిజం) తోలించాడు. రెండుసార్లూ ఖర్చు తప్ప ఏమీ మిగల్లేదు. జిప్సం మంచిదే. చేలోంచి నీళ్లు బయటికి పోయే దారి లేకుండా వేయడమే తప్పు. ఇది అర్థం కావడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. మీకు అన్నేళ్లు పట్టకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నేల ఆకారం చూడండి

ఏరు ఎప్పుడూ ఒకే మట్టంలో పారదు. వేల ఏళ్ల కింద పారిన చోట ఒండ్రు పరిచి, తర్వాత తను కోసుకుంటూ కిందికి దిగిపోతుంది. పాత ఒండ్రు బల్లపరుపు మెట్టులా ఒడ్డున మిగిలిపోతుంది. చూడటానికి చదునుగా, సాగుకు అచ్చొచ్చినట్టు ఉంటుంది. ఆ చదునే చిక్కు. వాలు లేదు కాబట్టి నీరు కదలదు. మెట్టు వెనక భాగం, అంటే ఎత్తు భూమి వచ్చి కలిసే అంచు, ఇంకా ఇబ్బంది. ఎగువ పొలాల ఊట అక్కడికే చేరుతుంది. ఎగువన కాలువ ఉంటే ఆ ఊట ఏడాది పొడుగునా వస్తుంది. 1860లలో తవ్విన కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పల్లపు నేలల్లో ఇదే జరుగుతుంది.

నేల ఎందుకు చౌడుబారుతుందంటే, ఊరును బట్టి కారణం కొంచెం మారుతుంది. అనంతపురం వైపు రాయి ఎక్కువగా గ్రానైటు జాతి. ఆ రాయిలోని సోడియం ఉన్న ఖనిజాలు శిథిలమైతే నీటిలోకి సోడియం, బైకార్బొనేటు చేరతాయి. కుందూ లోయలో అడుగున సున్నపురాయి, షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి) ఉంటాయి. భూగర్భ శాస్త్రంలో వాటి పేర్లే కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. అక్కడ నేలలో సున్నం దండిగా ఉంటుంది. రెండు చోట్లా చివరికి జరిగేది ఒకటే. నిలిచిన నీరు ఎండకు ఆవిరవుతుంది. కాల్షియం ముందుగా సున్నంగా గడ్డకట్టి పక్కకు తప్పుకుంటుంది. నీటిలో సోడియం మిగిలి, బంకమట్టి రేణువులకు అతుక్కుంటుంది. సోడియం పట్టిన బంకమన్ను తడిస్తే రేణువు రేణువుగా విడిపోయి, నేలలోని సందులన్నీ పూడ్చేస్తుంది. ఇంక నీరు దిగే దారి ఉండదు. దిగని నీరు మళ్లీ ఆవిరై ఇంకాస్త సోడియం మిగులుస్తుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

పాల చౌడా, కారు చౌడా

ఎండాకాలం పొద్దున్నే చేనికి వెళ్లండి. నేల మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా, మెత్తగా పొర కనిపించి, దాని కింద మట్టి గుల్లగా ఉంటే అది పాల చౌడు. ఉప్పులు ఎక్కువే గానీ మట్టి కట్టు చెడలేదు. మంచి నీళ్లు పెట్టి, ఆ ఉప్పును కడిగి బయటికి పంపగలిగితే చాలావరకు బాగుపడుతుంది.

కారు చౌడు నల్లగా, బూడిద నలుపుగా ఉంటుంది. మట్టిలోని కుళ్లిన సేంద్రియ పదార్థం క్షారానికి కరిగి పైకి వచ్చి పరుచుకోవడం వల్ల ఆ రంగు. తడిస్తే సబ్బులా జారుతుంది, ఎండితే ఇటుకలా బిగుస్తుంది. పాతకాలంలో బట్టలుతకడానికి సవుడు మన్ను తెచ్చుకునేవారు. దానిలోని సోడా మురికిని వదిలించేది. పదును సంగతి అడగనే వద్దు. నిన్న బురద, రేపు రాయి. మధ్యలో ఒక పూట దొరికితే దొరికినట్టు.

రెండూ కలిసిన నేల కూడా ఉంటుంది. అక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉప్పు ఎక్కువున్నంత కాలం మట్టి గుల్లగానే కనిపిస్తుంది. జిప్సం వేయకుండా మంచి నీళ్లతో ఉప్పును కడిగేస్తే, సోడియం ఒక్కటే మిగిలి, చేను కారు చౌడవుతుంది. బాగుచేయబోయి చెడగొట్టుకున్నవాళ్లను చూశాను.

గుంత తవ్వి చదవండి

చేలో మూడు చోట్ల, బాగా పండే చోట ఒకటి, మధ్యస్థంగా ఉన్నచోట ఒకటి, అసలు మొలవని చోట ఒకటి, నాలుగడుగుల లోతు గుంతలు తీయండి. వేసవిలో, మొదటి వానకు ముందు తీస్తే మంచిది. గుంత గోడను కత్తితో గీరి, పైనుంచి కిందికి నెమ్మదిగా చూడండి.

పై జానెడులో లేత బూడిద రంగు, పలకలుగా లేచే పెళ్ల ఉంటుంది. దాని కింద మట్టి ఒక్కసారిగా బిగుస్తుంది. కత్తి దిగదు. ఆ పొర నిలువుగా స్తంభాల్లా పగిలి, స్తంభాల తలలు గుండ్రంగా ఉంటే కారు చౌడు ముదిరినట్టే. వేళ్లు ఎక్కడ ఆగాయో చూడండి. పత్తి వేరు ఈ పొర తగలగానే ఎల్ ఆకారంలో పక్కకు తిరుగుతుంది. ఇంకా కిందికి వెళ్తే తెల్లని సున్నపు గులకలు కనిపిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనవి మచ్చలు. బూడిద లేక నీలి బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలుంటే, ఆ లోతు దాకా ఏడాదిలో కొన్ని నెలలు నీరు నిలిచి గాలి ఆడలేదని అర్థం. మచ్చలు ఎంత పైన మొదలైతే మురుగు సమస్య అంత ఎక్కువ. అడుగున్నర లోపే మొదలైతే చీనీ (బత్తాయి) మొక్క గురించి ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

తవ్విన గుంతలోనే ఇంకో పరీక్ష. సాయంత్రం నీళ్లతో నింపి రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్లీ నింపి, పుల్లతో గీత పెట్టి, గంటకు ఎంత దిగిందో కొలవండి. గంటకు అర సెంటీమీటరు కూడా దిగకపోతే నేల తనంతట తాను నీరు వదలదు.

ఇంట్లోనే మూడు పరీక్షలు

మొదటిది గాజు గ్లాసు పరీక్ష. ఇదే అన్నిటికంటే నమ్మకమైనది. పట్టి పెట్టిన వాన నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ తీసుకోండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని ఉప్పులు ఫలితాన్ని దాచేస్తాయి. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఎండిన బఠాణీ అంత మట్టి పెళ్ల ఒక్కోదానిలో మెల్లగా వదలండి, కలపొద్దు. మంచి నల్లరేగడి పెళ్ల విరిగి కుప్పగా పడుతుంది, నీళ్లు తేటగా ఉంటాయి. కారు చౌడు పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముకుంటుంది, తెల్లారినా తేరుకోదు. ఇప్పుడు ఒక గ్లాసులో చిటికెడు జిప్సం వేసి కలపండి. రెండోదాన్ని కూడా ఉత్తగా కలపండి. కొన్ని గంటల్లో జిప్సం గ్లాసు తేటపడి, రెండోది బురదగానే ఉంటే మీ నేలకు జిప్సం పనిచేస్తుందని కళ్లారా చూసినట్టే.

రెండోది పసుపు పరీక్ష. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకు వస్తుందో అదే సూత్రం. తడి మట్టి పిండిన తేట నీటిలో పసుపు పూసి ఆరబెట్టిన తెల్లకాగితం ముంచండి. ఎరుపు, గోధుమ రంగుకు తిరిగితే క్షారం గట్టిగా ఉంది. రంగు మారకపోతే మాత్రం క్షారం లేదని అనుకోవద్దు, కొద్దిపాటి క్షారాన్ని పసుపు పట్టుకోలేదు.

మూడోది, మట్టి మీద నిమ్మరసం గానీ పలుచని ఆమ్లం గానీ చుక్కలు వేయడం. బుసబుస పొంగితే సున్నం ఉందని అర్థం. అంతేగానీ కారు చౌడని కాదు. సున్నం ఒక్కటే ఉంటే పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే అంకె) సుమారు 8.4 దాటదు. 8.5 దాటిందంటే సోడియం పని మొదలైందన్నమాట.

ల్యాబుకు పంపేటప్పుడు ఏం అడగాలి

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 2015లో మొదలైన మట్టి ఆరోగ్య కార్డులో 12 అంశాలుంటాయి. పీహెచ్, ఈసీ (ఉప్పులు ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె), సేంద్రియ కర్బనం, పోషకాలు అన్నీ ఉంటాయి గానీ మట్టికి అతుక్కున్న సోడియం ఎంతో ఉండదు. కాబట్టి విడిగా అడగాలి: మారక సోడియం శాతం, అంటే ఈఎస్‌పీ, నేల మారక సామర్థ్యం (కాల్షియం, సోడియం లాంటివాటిని మట్టి మొత్తం ఎంత పట్టి ఉంచగలదో), జిప్సం అవసరం, సున్నం శాతం. మట్టిని 0-15, 15-30, 30-60, 60-90 సెంటీమీటర్ల లోతుల్లో వేరువేరుగా తీసి, వేరువేరు సంచుల్లో చీటీ రాసి పంపండి. యూరియా సంచుల్లో వద్దు. పైన తెల్లపొర ఉంటే దాన్ని గీరి విడిగా ఇవ్వండి.

కాగితం చేతికొచ్చాక చూడాల్సిన హద్దులు ఇవి. పీహెచ్ 8.5 పైన, ఈఎస్‌పీ 15 పైన, ఈసీ 4 లోపు ఉంటే కారు చౌడు. ఈసీ 4 పైన, ఈఎస్‌పీ 15 లోపు, పీహెచ్ 8.5 లోపు అయితే పాల చౌడు. ఈసీ, ఈఎస్‌పీ రెండూ హద్దు దాటితే రెండూ కలిసినది. అయితే ఆ 4 అన్న అంకె తడిపి ముద్ద చేసిన మట్టి నుంచి పీల్చి తీసిన నీటికి వర్తిస్తుంది. మామూలు ల్యాబుల్లో ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూస్తారు. అక్కడ అంకె చాలా తక్కువ వస్తుంది. ఏ పద్ధతో అడగకుండా 4తో పోల్చి సంతోషపడొద్దు. ఇంకో మాట, నల్లరేగడిలో ఈఎస్‌పీ 15 దాకా ఆగక్కర్లేదు. బంక ఎక్కువ కాబట్టి అంతకంటే చాలా ముందే నీరు దిగడం మానేస్తుంది.

బోరు నీళ్లు కూడా పరీక్ష చేయించండి. ఆర్‌ఎస్‌సీ అనే అంకె అడగండి. కార్బొనేటు, బైకార్బొనేటుల మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియంల మొత్తం తీసేస్తే మిగిలేది అదే. లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల (ల్యాబు కాగితంలో రాసే కొలత) లోపుంటే మంచి నీరు. 2.5 దాటితే ఆ నీరే నేలను చౌడు చేస్తుంది. అలాంటి నీటిని వాడక తప్పకపోతే, ఒక్కో మిల్లీ ఈక్వివలెంటు తగ్గించడానికి ఎకరాకు అంగుళం నీటికి సుమారు 9 కిలోల శుద్ధ జిప్సం కావాలి. ఆర్‌ఎస్‌సీ 5 ఉన్న నీటిని 2కు దించాలంటే 27 కిలోలు. తొట్టి కట్టి, అందులో జిప్సం గడ్డలు పోసి, నీళ్లు వాటి మీదుగా పారేలా చేసుకుంటే రోజూ తూకం వేసే పని ఉండదు.

మురుగు కాలువ ముందు, మిగతాదంతా తర్వాత

చేలో అన్నిటికంటే పల్లం ఎక్కడో, వంకలో మామూలు రోజుల్లో నీటి మట్టం ఎంతో కొలవండి. ఇంటి పనిలో మేస్త్రి వాడే నీళ్ల ట్యూబు చాలు. చేని పల్లం కంటే వంక నీటి మట్టం కనీసం నాలుగడుగులు కిందికి ఉంటే మీ పని సులువు.

మొదటి కాలువ చేని మధ్యలో కాదు, మెట్టు వెనక అంచున, ఊట వచ్చే వైపు తవ్వాలి. ఎగువ నీటిని అక్కడే అడ్డుకుని పక్కగా వంకలోకి తిప్పాలి. మాకు సగం ఫలితం ఈ ఒక్క కాలువతోనే వచ్చింది. తర్వాత పల్లం వైపు మూడడుగుల లోతు పెద్ద కాలువ, దానిలోకి కయ్యల (మడుల) నుంచి చిన్న కాలువలు. గట్లు నిలువుగా తీయొద్దు. ఈ మట్టి తడిస్తే జారిపోతుంది, ఒక వానకే కాలువ పూడుతుంది. అడుగు లోతుకు అడుగు వెడల్పు చొప్పున వాలు ఇచ్చి, గట్ల మీద కాస్త జిప్సం చల్లి గరిక నాటండి. వంకకు వరద వచ్చినప్పుడు నీరు వెనక్కి తన్నకుండా కాలువ చివర తూము తలుపు పెట్టాలి.

కాలువ పక్కవాళ్ల చేలోంచి పోవాల్సి వస్తే ముందే మాట్లాడుకోండి. నేను మా కింది చేను ఆయన దగ్గరకు వెళ్లి, "మామా, నీ గెనిమ (గట్టు) పక్కగా కాలువ తీస్తాను, నీ కయ్యల మురుగు కూడా అందులోకే వదులుకో" అన్నాను. "ఖర్చు నాకొద్దు, ఏటా పూడిక మాత్రం ఇద్దరం తీద్దాం" అన్నాడు. అప్పటి నుంచి అలాగే నడుస్తోంది.

భూమి లోపల రంధ్రాల పైపులు వేసే పద్ధతి కూడా ఉంది. కానీ సోడియం పట్టిన పొరలోంచి నీరు పైపు దాకా దిగదు. జిప్సంతో నేల కాస్త విచ్చుకున్నాక అయితేనే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది. ఇక వంక మట్టం చేనికి సమానంగా ఉండి, నీరు పోయే దారే లేకపోతే, ఆ ముక్కను పారా గడ్డికో, కానుగ చెట్లకో వదిలేయండి. గడ్డి పాడికి పనికొస్తుంది. అలాంటి చోట జిప్సం మీద డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను.

జిప్సం లెక్క

మన జిల్లాల్లో జిప్సం అంటే చెనక్కాయ (వేరుశనగ) పూత దశలో ఎకరాకు వేసే 200 కిలోలే గుర్తొస్తుంది. అది కాయ గట్టిపడటానికి. నేల బాగు చేయడానికి లెక్క వేరే.

వంద గ్రాముల మట్టిలో ఒక మిల్లీ ఈక్వివలెంటు సోడియాన్ని తీసేయాలంటే, పై 15 సెంటీమీటర్లకు ఎకరాకు సుమారు 0.7 టన్ను శుద్ధ జిప్సం కావాలి. ఒక ఉదాహరణ. నల్లరేగడి మారక సామర్థ్యం 40, ఈఎస్‌పీ 25. దీన్ని 10కి దించాలి. తీసేయాల్సింది 40లో 15 శాతం, అంటే 6. ఆరును 0.7తో గుణిస్తే 4.2 టన్నులు. సంచిలోని జిప్సం శుద్ధత 70 శాతమే అయితే 6 టన్నులు, 50 కిలోల సంచులు 120. చూస్తే టెన్షన్ వస్తుంది, నిజమే. అందుకే మొదటి ఏడాది సగం వేసి వరి పెట్టి, రెండో ఏడాది మళ్లీ పరీక్ష చేయించి మిగతాది నిర్ణయించుకోవచ్చు. ఒక ఎకరంతో మొదలుపెట్టడం ఇంకా మేలు.

గంధకం వేయమని కూడా కొందరు చెబుతారు. ఒక టన్ను గంధకం సుమారు 5.4 టన్నుల శుద్ధ జిప్సంతో సమానం. నేలలో సున్నం ఉండి, తేమ, సూక్ష్మజీవులు ఉంటేనే అది పనిచేస్తుంది, అదీ నెమ్మదిగా.

వేసే ముందు చేను చదును చేసి, చిన్న చిన్న కయ్యలుగా గట్టి గెనిమలు కట్టండి. జిప్సం పొడిని సమంగా చల్లి, పై నాలుగంగుళాల్లోనే కలిసేలా గొర్రు తోలండి. మడక లోతుగా దించి అడుగు మట్టి పైకి తెస్తే, అక్కడి చౌడు కూడా పైకొస్తుంది.

నీరు కట్టి, కడిగి, వదలడం

జిప్సం లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములే కరుగుతుంది. మొదటి ఏడాది సగం, అంటే మూడు టన్నులు వేస్తే, అందులో శుద్ధమైనది 2.1 టన్నులు. అది కరగడానికి 8 లక్షల 40 వేల లీటర్లు, అంటే ఎకరంలో 8 అంగుళాల నీరు కావాలి. అనంతపురంలో ఏడాది మొత్తం వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ తునకలు తునకలుగా పడేది. వాన మీదే భారం వేస్తే జిప్సం మట్టిలో తెల్లగా అలాగే ఉండిపోతుంది. కాలువ నీళ్లు వచ్చే రోజుల్లో గానీ, మంచి బోరు ఉన్నప్పుడు గానీ ఈ పని పెట్టుకోవాలి.

కయ్యల్లో నాలుగైదు అంగుళాల నీరు కట్టి వారం ఉంచండి. మిగిలిన నీటిని మురుగు కాలువలోకి వదిలేయండి. ఇలా రెండు మూడుసార్లు. వదిలే నీరు మొదటిసారి కాఫీ రంగులో వస్తుంది, మూడోసారికి తేటపడుతుంది. అది చూసినప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

జీలుగ, తర్వాత వరి

కడిగిన వెంటనే జీలుగ చల్లండి, ఎకరాకు 12 నుంచి 15 కిలోలు. జనుము, పిల్లిపెసర కంటే జీలుగ చౌడును, నిలిచే నీటిని బాగా తట్టుకుంటుంది. వేళ్లు నేలను చీల్చుకుంటూ దిగుతాయి. 45 రోజులకు, పూత దశలో, కలియదున్నండి. కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలు నేలలోని సున్నాన్నే కరిగించి కాల్షియం ఇస్తాయి.

మొదటి పంట వరే కావాలి, ఇంకోటి వద్దు. నిలిచిన నీరు సోడియాన్ని కిందికి నెడుతుంది. 1969లో ఏర్పడిన కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ, కర్నాల్, వదిలిన సీఎస్ఆర్ రకాలు ఇలాంటి నేలల కోసమే. విత్తనం దొరక్కపోతే మీ దగ్గర చౌడును తట్టుకునే రకమేదో రైతు సేవా కేంద్రంలో అడగండి. లేత నారు చచ్చిపోతుంది, 35 రోజులు దాటిన నారు తీసుకుని, కుదురుకు మూడు నాలుగు మొక్కలు పెట్టండి. నత్రజని మామూలు కంటే పావు వంతు ఎక్కువ వేయాలి. క్షార నేలలో యూరియా గాలిలోకి పోతుంది కాబట్టి దొరికితే అమ్మోనియం సల్ఫేటు మేలు. భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వాడితే అందులోని జిప్సం కూడా కలిసొస్తుంది. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. దాన్ని భాస్వరం ఎరువుతో కలపొద్దు.

శనగ, కంది, మినుము, పెసర, చెనక్కాయ ఈ నేలలో తొందరపడి వేసేవి కావు. ఈఎస్‌పీ తగ్గాక ముందు జొన్న, పత్తితో చూసి, తర్వాతే వాటి జోలికి వెళ్లండి. లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారితే ఇనుము అందడం లేదు. 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఎకరాకు కొట్టండి. వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. పండ్ల తోటే కావాలంటే ఉసిరి, రేగు, జామ ముందు ప్రయత్నించాలి. చీనీ వేరు నీరు నిలిస్తే కుళ్లుతుంది, పైగా చౌడును అసలు తట్టుకోదు.

ఒక్క ఎండాకాలమైనా నేలను ఖాళీగా ఎండబెట్టొద్దు. ఎండకు అడుగు తేమ పైకి లాగినప్పుడల్లా సోడియం కూడా పైకొస్తుంది. పంట లేకపోతే వరి గడ్డో, కంది పొట్టో పరచండి. దిబ్బ ఎరువు ఎంత దొరికితే అంత వేయండి. ప్రతి మే నెలలో కాలువ పూడిక తీయండి.

మూడో వేసవిలో మొదట తవ్విన గుంతల పక్కనే మళ్లీ తవ్వి చూడండి. గ్లాసు పరీక్ష ఆ మట్టితో మళ్లీ చేయండి. మా చేలో మొదట జానెడు దగ్గరే ఆగిన వేళ్లు ఇప్పుడు రెండడుగులు దిగాయి. దాని కింద బిగువు పొర ఇంకా ఉంది, మచ్చలూ ఉన్నాయి. అందుకే వెనక అంచు కాలువను ఈ వేసవిలో ఇంకో అడుగు లోతు చేయిస్తున్నాం.